పదకొండు సిలిండర్లు

చచ్చిపోయిన మనిషి సిలిండరులో గాలి నిండుగానే ఉంది. రెండు వందలకి నూట డెబ్భై. అబద్ధం చెబితే మీటరు ముల్లుకి ఒరిగేదేమీ లేదు కాబట్టి దాన్ని నమ్మాను. అంత గాలి వీపున మోస్తూ కూడా మాస్టారు ఊపిరాడకే పోయాడు.

మొన్న ఉదయం పది నలభై రెండుకి ఆయన పడవ మీంచి నీళ్లలోకి దిగాడు. నలభై అయిదుకి ముప్ఫై ఒక్క మీటర్ల లోతున, రాళ్లలో ఇరుక్కున్న లంగరు దగ్గర ఉన్నాడు. నలభై తొమ్మిదికి పైకి బయల్దేరి యాభై సెకన్లలో తేలాడు. అంత లోతు నుంచి మధ్యలో ఆగుతూ రావడానికి ఏడు నిమిషాలు పట్టాలి. తొందరపడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఆయనవి చిరిగాయి. ఇదంతా ఆయన మణికట్టుకున్న చిన్న కంప్యూటరు సెకన్లతో సహా రాసిపెట్టింది. పడవలో ఆక్సిజన్ పెట్టె ఒకటి ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెరిస్తే అందులో తడి తాళ్లు, ఒక పేకముక్కల కట్ట దొరికాయి.

అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్లు. ఇరవై ఏళ్లుగా డైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. ఆరు వేల సార్లు మునిగి తేలినవాడు ఆరు వేల ఒకటోసారి శవమై తేలాడు. ప్రమాదాలకి కారణాలు వెతికిపెట్టడం నా పని; ఆ సాయంత్రమే ఆయన భార్య నాకు కబురు పెట్టింది. "ఎలా పోయారో, ఎవరి వల్ల పోయారో అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసివ్వండి. నాకు ఇంకేం అక్కర్లేదు" అంది. కళ్లలో చుక్క నీరు లేదు. కడుపు మండిన మనిషి కళ్లు ఎలా ఉంటాయో నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్లుగా రోజూ అద్దంలో చూసుకుంటున్నాను.

ఇవాళ ఉదయం తొమ్మిదింపావుకి స్కూలు కింది అంతస్తులో, సామాను గదిలో ఉన్నాను. పొడవాటి గది. ఒక గోడకి రబ్బరు సూట్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఎదుటి గోడకి ఇనుప అరలు, అరల్లో పన్నెండు సిలిండర్లు, వాటి చుట్టూ పోలీసుల టేపు. మూలన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద ఒక అమ్మాయి ముడుచుకుని కూర్చుంది. వయసు ఇరవై ఆరు, మాస్టారి అసిస్టెంటు. నీళ్లలో కాళ్లు పెడితే ఇంక ఆగదని చేపపిల్ల అంటారు. ఒడ్డున పడ్డ చేపపిల్లలాగే ఉంది ఇప్పుడు. మాస్టారి సిలిండరు బిగించింది ఆమే. మధ్యాహ్నం రెండింటికి ఆమెని అరెస్టు చేస్తామని అధికారులు ముందే చెప్పేశారు. ఆమెని కాపాడాలంటే నాకున్నది నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు.

"మొన్న పొద్దున ఏం చేశావో టైముతో చెప్పు."

"ఏడున్నరకి వచ్చాను మేడమ్. పన్నెండు సెట్లు బిగించాను. పదకొండు కొత్త బ్యాచ్ వాళ్లవి, ఒకటి మాస్టారిది. ఆయన సిలిండరుకి నల్ల టేపు చుట్టి ఉంటుంది, దాన్ని ఇంకెవరూ వాడరు. ఎనిమిదికల్లా అయిపోయింది. పైకి క్లాసు గదికి వెళ్లాను. ఎనిమిదిన్నరకి పడవ నడిపే సరంగు వచ్చి అన్నీ పడవెక్కించాడు."

"బిగించడమంటే ఏం చేస్తావు?"

"సిలిండరుకి వీపున తగిలించుకునే జాకెట్టు కట్టి, గొట్టాలు బిగించి, సిలిండరు మెడ మీది నాబ్ పావు తిప్పు తెరుస్తాను. మీటరు చూసి అంకె రిజిస్టర్లో రాస్తాను."

"తర్వాత?"

ఆమె గోళ్ల వైపు చూసుకుంది. "తర్వాత మళ్లీ మూసెయ్యాలి. రూలు అది. పడవలో దిగేవాళ్లు ఎవరిది వాళ్లే పూర్తిగా తెరుచుకుని, జోడీ ఎదురుగా నిలబడి, మీటరు చూస్తూ నాలుగు సార్లు గట్టిగా ఊపిరి పీల్చాలి. ముల్లు కదలకూడదు."

"నువ్వు మూస్తావా?"

"లేదు మేడమ్. ఇక్కడెవ్వరూ మూయరు. నేను చేరేసరికే మానేశారు. మూసేది ఎందుకు, గంటలో మళ్లీ తెరిచేది ఎందుకని ఒకరోజు పావు తిప్పు మీదే వదిలేశారట. ఏమీ కాలేదు."

"ఆ నాలుగు ఊపిరులు?"

"మొదట్లో నాలుగు. తర్వాత రెండు. తర్వాత మాస్టారే వద్దన్నారు. కొత్తవాళ్ల ముందు ఈ తతంగమంతా చేస్తే బెదిరిపోతారు, నోట్లో గాలి వస్తోందిగా చాలు అన్నారు. అదీ మానేశాం. ఏమీ కాలేదు."

ఆ బడి బోర్డు మీద ఏం రాసి ఉందో నాకనవసరం. అసలు పేరు 'ఏమీ కాలేదు' అని పెట్టాల్సింది. ఒకే రోజున రూలు పుస్తకాన్ని చింపేస్తే ఎవరైనా అడ్డుపడేవాళ్లు. వీళ్లు రోజుకో పేజీ చొప్పున చింపారు, ఎవరికీ చప్పుడు వినపడలేదు.

"పావు తిప్పు తెరిస్తే గాలి రాదా?"

"ఒడ్డున బ్రహ్మాండంగా వస్తుంది మేడమ్. అదే మోసం." లేచి, టేపు బయట విడిగా ఉన్న సిలిండరు ఒకటి తెచ్చింది. గొట్టం బిగించి నాబ్ పావు తిప్పింది. "పీల్చండి."

పీల్చాను. హాయిగానే ఉంది.

"ఇప్పుడు మీటరు చూస్తూ ఈ బటన్ నొక్కి పట్టుకోండి."

నొక్కాను. గాలి బుస్సుమంది. నూట తొంభై దగ్గరున్న ముల్లు సర్రున యాభైకి జారింది. వదిలేశాను. బుద్ధిమంతుడిలా మళ్లీ నూట తొంభైకి వచ్చి నిలబడింది.

"ముప్ఫై మీటర్ల లోతున ఒక్కో ఊపిరికీ ఇక్కడికంటే నాలుగు రెట్లు గాలి కావాలి. లంగరు లాగుతూ రొప్పితే ఇంకా ఎక్కువ. ఆ సన్నటి సందులోంచి అంత గాలి రాదు మేడమ్. మీటరేమో నిండుగా ఉందంటుంది, ఛాతీకేమో అందదు."

"ఇంతకుముందు ఎవరైనా ఇలా పోయారా?"

నాబ్ మూసి గొట్టం విప్పింది. "ఎనిమిది నెలల కింద ఒకమ్మాయి పోయింది. మాస్టారి మరదలు. అమ్మగారి సొంత చెల్లెలు. అదే చోట, అలాగే. భయపడి చనిపోయిందని రాశారు."

"నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు. నోరు మూసుకున్నాను మేడమ్. ఆ రోజు సెట్టు బిగించింది మాస్టారు. ఆయన్ని నేనేం అడుగుతాను?" వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఆ రోజు ఈమె ఒక్క మాట అని ఉంటే ఇవాళ ఇక్కడ కూర్చుని ఏడవాల్సిన పని లేదు.

"సీలు వేసిన గదిలో నీకేం పని?"

తిరిగి చూడకుండానే గొంతు గుర్తుపట్టాను. తీరప్రాంత ప్రమాదాల ప్రత్యేక అధికారి. నేను పెట్టిన పేరు రబ్బరుస్టాంపు. తొమ్మిదేళ్ల కింద మేమిద్దరం ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ముగ్గురు పోయారు. నా రిపోర్టులో చివరి పేజీ మార్చేసి, 'కార్మికుల అజాగ్రత్త' అని రాసి కింద తన సంతకం పెట్టాడు. ఎదురు తిరిగితే నా మీదే విచారణ వేయించాడు. నా ఉద్యోగం పోయింది, అతనికి ప్రమోషన్ వచ్చింది. చచ్చినవాళ్లు నోరు విప్పరు కాబట్టి వాళ్ల మీదికే నెట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఆయన భార్య రాసిచ్చిన కాగితం ఉంది. దాని మీద మీ పై ఆఫీసరు సంతకం కూడా ఉంది. నీకు సంతకాలంటే ప్రాణం కదా, తనివితీరా చూసుకో."

చూసి విసురుగా తిరిగిచ్చాడు. "రెండింటికి ఈ పిల్లని తీసుకెళ్తున్నాను. నాబ్ సరిగ్గా తెరవలేదు. అజాగ్రత్త. గోటితో పోయేదాన్ని నువ్వు గొడ్డలిదాకా లాగకు."

"ఎనిమిది నెలల కిందటి కేసు కూడా నువ్వే చూశావటగా. ఆ ఫొటోలున్నాయా?"

"ఎందుకుండవు? నా ఫైళ్లు నేను దాచుకోను." ఫోన్ తీసి గర్వంగా చూపించాడు. ఒక పాతికేళ్ల అమ్మాయి చేతులు, నల్ల తొడుగులతో. ఫొటో పెద్దది చేశాను. కుడి చేతి తొడుగు బొటనవేలి పక్కన అడ్డంగా చిరిగి ఉంది.

పక్కనే ట్రేలో మాస్టారి సామాను ఉంది. ఆయన కుడి చేతి తొడుగు తీసి అతని ముక్కు ముందు పెట్టాను. "ఇదెక్కడ చిరిగిందో చూడు."

"భయపడినవాళ్లు చేతులు కొట్టుకుంటారు."

"ఇద్దరూ ఒకే చేతిని ఒకే చోట కొట్టుకున్నారా? వీపు వెనక నాబ్ కోసం తడుముకుంటే సిలిండరు మెడ అంచు గీసుకునే చోటు అది. నాబ్ తెరవాలని ఇద్దరికీ తెలుసు. తెరవడానికి చూశారు. చేయి అందలేదు. ఆరు వేల సార్లు దిగినవాడు కూడా భయపడ్డాడని రాస్తావా?"

"రాయను. ఈ పిల్ల తప్పు అని రాస్తాను."

"ఈమె తప్పయితే ఆ రోజు మాస్టారి తప్పు అవుతుంది. అంటే నీ పాత సంతకం తప్పు. రెండింట్లో ఏది కొట్టేస్తావు?"

అతని దవడ బిగుసుకుంది. నాకు తొమ్మిదేళ్లలో అంత సుఖం ఎప్పుడూ కలగలేదు.

"పాత కేసు ముగిసింది. నేను మాస్టారి దగ్గరే నేర్చుకున్నాను. లంగరు చోటు నా కళ్లతో చూసొస్తాను. పన్నెండుకల్లా తిరిగొస్తాను, రెండింటికి ఈమె నా జీపులో ఉంటుంది."

"ఒక్కడివే దిగుతావా?"

"పైన సరంగు ఉంటాడుగా. ఐదు నిమిషాల పని." గుమ్మం దగ్గర ఆగి కానిస్టేబుల్‌తో అన్నాడు. "టేపు తీసి చూడనివ్వు. సిలిండర్లు లెక్కపెట్టుకుంటే పొద్దుపోతుంది ఆవిడకి."

పొద్దుపోవడానికి కాదు, కసి కొద్దీ లెక్కపెట్టాను.

మొన్న విద్యార్థులెవరూ నీళ్లలోకి దిగలేదు. మాస్టారు లంగరు సరిచేసి వచ్చాక దిగాలని ఎవరి సెట్టూ ముట్టుకోకుండా కూర్చున్నారు. ఆయన శవం తేలగానే పడవ వెనక్కి తిరిగింది. పదకొండు నలభైకి పన్నెండు సెట్లూ ఈ గదిలో పెట్టి సీలు వేశారు. కానిస్టేబుల్ పుస్తకంలో అదే ఉంది. అంటే ఈ నాబ్‌లు మొన్న పొద్దున ఎనిమిదిన్నరకి ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

పల్చటి తొడుగు వేసుకుని ముందు నల్ల టేపు దాన్ని పట్టుకున్నాను. తెరిచే వైపు తిప్పితే తిరుగుతూనే ఉంది. మొదట ఉన్న చోటు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి మూసే వైపు తిప్పి కొలిచాను. పావు తిప్పు. అమ్మాయి చెప్పింది నిజమే.

పక్కది పట్టుకుని తెరిచే వైపు తిప్పబోయాను. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాను. అప్పటికే ఆ చివరిదాకా తెరిచి ఉంది.

మూడోది కదల్లేదు. నాలుగోది కదల్లేదు. పన్నెండోది కూడా కదల్లేదు.

"నువ్వు పన్నెండూ పావు తిప్పు మీదే వదిలావు కదూ?"

"అవును మేడమ్. ఒట్టు."

"పదకొండు పూర్తిగా తెరిచి ఉన్నాయి."

చేపపిల్ల డబ్బా మీంచి లేచింది. తనే వచ్చి ఒకటి తిప్పి చూసింది, ఇంకోటి తిప్పింది. "ఇవి నేను తెరవలేదు. ఎవరు తెరిచారు?"

రెండు రోజులుగా మేమంతా సరిగ్గా తెరవని ఒక్కదాని చుట్టూ తిరుగుతున్నాం. దాని గురించి అడగడానికేమీ లేదు, అది ఈ బడి అలవాటు. అడగాల్సింది మిగతా పదకొండు గురించి. ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య ఎవరో ఈ గదిలోకి వచ్చారు. ఒక్కొక్క సిలిండరునీ పూర్తిగా తెరుచుకుంటూ వచ్చారు. నల్ల టేపు దగ్గర ఆగి, దాన్ని మాత్రం అలాగే వదిలేశారు.

"మేడమ్, ఇది మంచిదే కదా నాకు?" అంది ఆశగా.

"కాదు. ఆ గదిలో ఉన్నది నువ్వొక్కదానివే అంటే, మాస్టారి సిలిండరు ఒక్కటే కావాలని వదిలావంటారు. నిన్నటిదాకా నీ మీద అజాగ్రత్త కేసు. ఇప్పుడు హత్య కేసు." ఆమెని అక్కడే కూర్చోమని పడవలు ఆగే జెట్టీకి పరిగెత్తాను. టైము పదీ పద్దెనిమిది.

సరంగు తాడు విప్పుతున్నాడు. అరవై దాటిన మనిషి. పడవ ముందు భాగంలో రబ్బరుస్టాంపు రబ్బరు సూటులో దర్జాగా కూర్చున్నాడు. నన్ను చూసి రెండు వేళ్లతో సెల్యూట్ కొట్టాడు. ఒళ్లు మండింది. అతని వైపు చూడకుండా సరంగునే పక్కకి పిలిచాను.

"రెండు నిమిషాలు, పెద్దాయనా. లంగరుకి ఒక్కరే దిగడం ఎప్పటినుంచి?"

"పూర్వం ఇద్దరు దిగేవాళ్లు మేడమ్. ఒకరోజు రెండో ఆయనకి జలుబు చేసింది. ఇదిగో, పదేళ్లయింది, ఆ జలుబు ఇంకా తగ్గలేదు."

"మొన్న ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య ఎక్కడున్నారు?"

"సామాను గది ఎదురుగా మెట్ల మీద, టీ తాగుతూ."

"గదిలోకి ఎవరెళ్లారు?"

"ఎవరూ వెళ్లలేదు మేడమ్."

"బాగా గుర్తు తెచ్చుకోండి."

"ఎవరూ... అమ్మగారు తప్ప. ఆవిడ రోజూ వెళ్లేదేగా. గుడ్డ పట్టుకుని సిలిండర్లు తుడుస్తారు. చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ ఒక్క పూట మానలేదు. ఒళ్లంతా దుమ్మున్నా అక్కర్లేదు, మెడ దగ్గరే తుడుస్తారు. పాపం, మనసు దెబ్బతిన్న మనిషి కదా అని మేమేం అనం."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగ అయితే తనని పట్టుకోమని నాకే కబురు పెట్టింది.

"టైమవుతోంది!" అని పడవలోంచి కేక వినిపించింది. "సెట్టు రెడీయేనా?"

"రెడీ సార్. ఇవాళ ఆ పిల్లని ముట్టుకోనివ్వలేదుగా, నేనే బిగించాను" అంటూ సరంగు ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ మాట నా చెవిన పడింది. పడవ కదిలింది. నా బుర్ర నిండా అమ్మగారి గుడ్డే ఉంది. పావు తిప్పు తెరిచిన నాబ్ మనిషిని ఎలా చంపుతుందో గంట కింద స్వయంగా నేర్చుకున్న నేను, నోరెత్తి ఒక్క ముక్క అనకుండా వెనక్కి తిరిగాను.

ఆవిడ మేడ మీద ఆఫీసు గదిలో ఉంది. బల్ల మీద పడవతో మాట్లాడే రేడియో, దాని పక్కన రిజిస్టర్లు. నేను వెళ్లేసరికి పది నలభై. ఇరవై నిమిషాలు చేపపిల్ల వాంగ్మూలం రాయించుకోవడానికి పట్టింది. ఆ కాగితం ఆవిడ ముందు పెట్టాను.

"పన్నెండు సెట్లు పావు తిప్పు మీద వదిలింది ఆ అమ్మాయి. మొన్న మధ్యాహ్నం సీలు వేసేసరికి పదకొండు పూర్తిగా తెరిచి ఉన్నాయి. ఎవరు తెరిచారు?"

"నేనే" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పన్నెండోది?"

"దాన్ని ముట్టుకోలేదు."

రేడియో గరగరలాడింది. "అమ్మగారూ, చోటికి చేరాం" అంది సరంగు గొంతు. ఆవిడ బటన్ నొక్కి "సరే" అని వదిలేసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"మా చెల్లికి ఆఖరి స్నానం నేనే చేయించాను. కుడి చేతి బొటనవేలి పక్కన చర్మం చీరుకుపోయింది. అది భయపడలేదండీ. గాలి అందకపోతే నాబ్ వెతుక్కోవాలని తెలుసు దానికి. వెతుక్కుంది. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే మంచం. బల్లి కనిపిస్తే అరిచేది నేను, తోలేది అది. దాని గురించి కాగితం మీద ఏం రాశారో తెలుసా? 'విద్యార్థిని అదుపు తప్పిన భయమే కారణం.' కింద సంతకం."

"మాస్టారిని అడగలేదా?"

"అడిగాను. నాబ్ చూశారా అని అడిగాను. 'ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు' అన్నారు. శవం హాల్లో ఉంది. నా చెల్లి శవాన్ని పక్కన పెట్టుకుని ఏమీ కాలేదన్నారు."

ఆవిడ గొంతు పెరగలేదు. కానీ బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లగా అయ్యాయి.

"అప్పుడు వదిలి వెళ్లిపోవాల్సింది."

"వెళ్తే రోజూ ఆ సిలిండర్లు ఎవరు తెరుస్తారు? ఎనిమిది నెలలు గుడ్డ పట్టుకుని తిరిగాను. ఎన్ని వందల మంది నా చేతి మీదుగా దిగి క్షేమంగా వచ్చారో లెక్కలేదు. ఆయనది కూడా తెరిచాను, రోజూ. ఒక్కరోజైనా తన చేత్తో నాబ్ ముట్టుకుని చూస్తారేమోనని పడవలో కూడా వెళ్లి కనిపెట్టాను. ఒక్కసారంటే ఒక్కసారి చూసుంటే నా పగ చల్లారేది."

"మొన్న ఏమైంది?"

"నేను తుడుస్తుంటే పైన క్లాసు గది కిటికీ తెరిచి ఉంది. కొత్త బ్యాచ్‌కి పాఠం చెబుతున్నారు. 'భయపడితే ఏమవుతుందో వినండి, ఎనిమిది నెలల కింద ఇక్కడే ఒకమ్మాయి' అని మొదలుపెట్టారు. చేతులు ఎలా కొట్టుకుందో చేసి చూపించినట్టున్నారు. ఎవరో నవ్వారు. అప్పటికి పదకొండు అయ్యాయి. నల్ల టేపు దాని ముందు నిలబడ్డాను." ఊపిరి తీసుకుంది. "గుడ్డ మడిచి బయటికి వచ్చేశాను."

"దీన్ని హత్య అంటారు."

"అనండి. నేను బిగించలేదు, మూయలేదు, ఎవర్నీ తొయ్యలేదు. చూడకుండా వదిలేశాను. చూడకుండా వదిలేయడం హత్య అయితే నా చెల్లిని కూడా హత్యే చేశారు. ఆ మాట కోర్టులో చదవాలి, అందుకే మిమ్మల్ని పిలిపించుకున్నాను. నన్ను ఉరి తీయించుకోండి, నాకేం బాధ లేదు. దాని పేరు పక్కనున్న ఆ 'భయం' అనే మాట మాత్రం చెరిగిపోవాలి."

నా తొమ్మిదేళ్ల కోపం ఆవిడ కోపం ముందు చిన్నపిల్లలా నిలబడింది.

"సార్ దిగుతున్నారు" అంది రేడియో.

"సరే" అంది ఆవిడ.

"ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? రెండింటికి ఆమెని తీసుకెళ్తున్నారు."

"తీసుకెళ్లరు."

"మీరు ఒప్పుకుంటూ రాసిస్తే తీసుకెళ్లరు. రాయండి."

"రాస్తాను. రాయకపోయినా తీసుకెళ్లరు. తీసుకెళ్లేవాడు తిరిగి రావాలి కదండీ."

గోడ గడియారం పది నలభై ఎనిమిది చూపిస్తోంది.

"ఇవాళ గదిలోకి వెళ్లారా మీరు? ఆ సెట్టు తుడిచారా?"

"లేదు. ఇవాళ ఓపిక లేకపోయింది." ఆవిడ రిజిస్టరు తెరిచి, "మా చెల్లి కేసు కాగితం" అని ఒకటి నా వైపు తోసింది. అడుగున ఆ సంతకం, వంకీలు తిరిగి, దాని కింద గుండ్రటి స్టాంపు. "సరంగు బిగించాడు. ఇక్కడ అందరూ ఎలా బిగిస్తారో అలాగే. ఆయనకి తెలియనిదేముంది, మాస్టారి శిష్యుడే కదా. చూసుకునేవాడైతే చూసుకునే దిగుతాడు."

రేడియో నా చేతికి మూరెడు దూరంలో ఉంది. మూరెడు.

నిజం రాస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే. నేను వెంటనే చేయి చాపలేదు. ఆ సంతకం చూస్తూ నిలబడ్డాను. బాయిలర్ కేసులో ముగ్గురి మొహాలు, నా ఖాళీ బల్ల, ఇందాకటి రెండు వేళ్ల సెల్యూట్, అన్నీ వరసగా వచ్చాయి. గడియారంలో సెకన్ల ముల్లు రెండు దగ్గర ఉన్నప్పుడు విన్నాను, నాలుగు దగ్గరికి దగ్గరపడుతుండగా కదిలాను. ఎనిమిది సెకన్లు. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ఆ ఎనిమిది సెకన్లలో నేనేంటో ఆవిడకి పూర్తిగా అర్థమైంది.

రేడియో లాక్కుని బటన్ నొక్కాను.

"పెద్దాయనా! తాడు లాగండి, మనిషిని పైకి పిలవండి! నాబ్ పావే తెరిచి ఉంది! వినపడుతోందా? ఆయన దిగి ఎంతసేపైంది?"

గాలి హోరు, ఇంజను చప్పుడు.

"నాలుగు నిమిషాలు మేడమ్. తాడు వద్దన్నారు సార్, అడ్డమొస్తుందని."

"నీళ్ల మీద బుడగలు కనిపిస్తున్నాయా?"

అటు సరంగు ఇంజను ఆపేశాడు. ఎదురుగా ఆవిడ రిజిస్టరు మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నాతోపాటే వింటోంది.

"ఇందాకటిదాకా కనిపించాయి మేడమ్."